కాల్పులు వాటంతటవే జరగవు, ఎవరో ఒకరు కాలుస్తరు



ఇంద్రవెల్లి స్తూపం ఫొటో పెట్టినప్పుడు దాని కింద నడిచిన లొల్లి గ్రూపులో అందరూ చూసే ఉంటరు. ఒక అన్న ఇట్ల రాసిండు: "నలభై ఏండ్ల కిందటి ముచ్చట ఇంకెన్నిసార్లు తవ్వుతరు? ఆ రోజు ఒక కానిస్టేబుల్ కూడా చచ్చిపోయిండు గదా. గుంపు మీదికొస్తే పోలీసు ఏం జెయ్యాలె? ఇప్పుడు మనోళ్లే డిపార్ట్‌మెంట్ల ఉన్నరు, ఇగ అట్ల జరగదు." దానికి మస్తు లైకులు వచ్చినయి. ఆ అన్న మంచోడు, కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నడు. అందుకే పేరు తియ్యకుండ ఆయన మాటకే జవాబు రాస్తున్న. పొడుగు అయితది, ఓపికతో చదవండి.

ముందు ఆ రోజు సంగతి, తెలియని తమ్ముళ్ల కోసం. 1981 ఏప్రిల్ 20, సోమవారం. సోమవారం అంటే ఇంద్రవెల్లి సంత. గిరిజన రైతు కూలీ సంఘం ఆ రోజే సభ పెట్టింది. అడిగింది ఏంది? దున్నుకుంటున్న భూములకు పట్టాలియ్యాలె, మన భూములు ఆక్రమించిన బయటోళ్లను ఖాళీ చేయించాలె, షావుకార్ల మోసం ఆపాలె. 1970లో వచ్చిన 1/70 చట్టం కాగితం మీద ఉన్నది, భూమి మాత్రం చేతులు మారుతనే ఉన్నది. సభకు ముందు ఇచ్చిన అనుమతిని తర్వాత రద్దు చేసిన్రు. అడవిలోపలి గూడేలకు ఆ కబురు ఎట్ల పోతది? ఫోన్లున్నయా, బస్సులున్నయా? జనం నడుచుకుంట వచ్చిన్రు. కొందరు సభకు, కొందరు ఉప్పుకు, మిరపకాయలకు, బట్టలకు. అక్కడ పోలీసులు కాల్చిన్రు. సర్కారు లెక్కల 13 మంది. పౌరహక్కుల సంఘం లెక్కల 60 మంది. గూడేలల్ల అడిగితే వంద దాటిన్రంటరు. మూడు లెక్కలు, మూడూ ఇప్పటికీ కలవలేదు. అప్పటి ముఖ్యమంత్రి టి. అంజయ్య.

ఇప్పుడు నేను పైన రాసిన దాంట్ల ఒక మాట చూడండి. "పోలీసులు కాల్చిన్రు" అని రాసిన. మీరు పేపర్ల ఎప్పుడైనా ఇట్ల చదివిన్రా? "కాల్పులు జరిగాయి" అని ఉంటది. "కాల్పులు జరపాల్సి వచ్చింది" అని ఉంటది. "తోపులాటలో తుపాకీ పేలింది" అని ఉంటది. "ఎదురుకాల్పుల్లో మరణించారు" అని ఉంటది. తెలుగు సారు మాకు కర్త, కర్మ, క్రియ చెప్పిండు. ఈ వాక్యాలల్ల కర్త ఎక్కడ పోయిండు? వాన పడ్డట్టు, పిడుగు పడ్డట్టు తుపాకీ కూడా తనంత తనే పేలుతదా? అదే మనోడు ఒక కర్ర లేపితే మాత్రం "గిరిజనులు దాడి చేశారు" అని కర్త ముందల్నే వచ్చి కూసుంటడు. కర్ర లేపినోనికి పేరుంటది, ట్రిగ్గర్ గుంజినోనికి ఉండదు.

ఇది పేపరోళ్ల తప్పు ఒక్కటే అనుకోకండి. ఆ వాక్యం మొదట పుట్టేది యూనిఫాం వేసుకున్న మనిషి నోట్ల. పొద్దున మామూలు మనిషిగా లేచినోడు సాయంత్రానికి నలుగురిని చంపిండంటే, రాత్రి నిద్ర పట్టాలంటే ఏదో ఒక కథ చెప్పుకోవాలె గదా. "వాళ్లే ముందు మీదికొచ్చిన్రు." "ఆర్డర్ వచ్చింది." "వాళ్లు మామూలు జనం కాదు, లోపలోళ్లకు అన్నం పెట్టేటోళ్లు." "మా వాణ్ణి చంపిన్రు, ఊకుంటమా?" ఈ నాలుగు మాటలు తిప్పి తిప్పి ప్రతిచోటా వినొస్తయి. పోలీసు వేరు, సైన్యం వేరు, సీఆర్‌పీఎఫ్ వేరు, గ్రేహౌండ్స్ వేరు అని మనం చదువుకున్నం. మా అవ్వకు మాత్రం తుపాకి పట్టుకొని గూడెంలకు వచ్చినోళ్లంతా ఒక్కటే. వాళ్ల కథలు కూడా ఒక్కటే.

ఇగ ఆ కానిస్టేబుల్ చావు. అవును, చనిపోయిండు. ఎట్ల అన్నదానికి రెండు కథలున్నయి. గుంపు దాడి చేసిందని వాళ్లంటరు. గోండు ఆడపిల్ల మీద చెయ్యేస్తే ఆ పిల్ల తిరగబడ్డదని మన పెద్దలంటరు. నేను అప్పటికి పుట్టలేదు, నా బాపు కూడా చిన్నోడే. ఏ కథ నిజమైనా నాకు అడగాల్సింది ఒకటే ఉన్నది. ఒక మనిషిని చంపినోళ్లు ఎవరో వాళ్లను పట్టుకోవాలె, కేసు పెట్టాలె, కోర్టుల నిలబెట్టాలె. దాని కోసమే గదా చట్టం. ఒక పోలీసు చావుకు సంతకు వచ్చినోళ్లంతా ఎట్ల జవాబు చెప్తరు? ఆ చావు వాళ్ల కోపానికి కారణం చూపిస్తది, ఒప్పుకుంట. తూటాలకు లెక్క చూపించదు.

ఈ "ఒకరు చేస్తే అందరూ" అనే లెక్క ఎటువైపు పని చేస్తదో, ఎటువైపు పని చెయ్యదో రెండు కేసులు పక్కపక్కన పెడితే తెలుస్తది.

2022 నవంబర్‌ల భద్రాద్రి కొత్తగూడెం జిల్లా బెండాలపాడు పంచాయతీల ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌ను పోడు గొడవల నరికి చంపిన్రు. చాలా చెడ్డ పని. డ్యూటీ మీద ఉన్న మనిషి, ఇంట్ల పెండ్లాం పిల్లలు ఉన్న మనిషి. దాన్ని సమర్థించేటోడు ఈ గ్రూపుల ఉంటే నేను వానితోటి కూడా కొట్లాడుత. ఇద్దరు గుత్తికోయలను పట్టుకున్నరు, ఏడాది తిరగకముందే జిల్లా కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. సరే. కానీ అంతటితో ఆగలేదు. ఆ గుత్తికోయల గుంపు మొత్తం ఊరొదిలి పోవాలని పంచాయతీ తీర్మానం చేసిన్రు. చంటిపిల్లలు, ముసలోళ్లు సహా.

ఇప్పుడు ఇంకొకటి. 2007 ఆగస్టు 20, విశాఖ మన్యం, జి. మాడుగుల మండలం వాకపల్లి. కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమను చెరిచిన్రని 11 మంది కోందు ఆడోళ్లు ఫిర్యాదు చేసిన్రు. ఆ రోజు అక్కడికి పోయిన దళంల 21 మంది. విచారణ దాకా వచ్చింది 13 మంది. తీర్పు 2023 ఏప్రిల్‌ల వచ్చింది, అంటే దాదాపు 16 ఏండ్లకు. అందరూ నిర్దోషులు. అదే తీర్పుల, దర్యాప్తు అధికారులు తమ పని సరిగ్గా చెయ్యలేదని కోర్టే చెప్పింది, ఆ ఆడోళ్లకు పరిహారం ఇయ్యమన్నది. ఒక్కసారి ఆలోచించండి. ఏమీ జరగకపోతే పరిహారం ఎందుకు? జరిగితే చేసినోడు ఎవడు? మళ్ల అదే, క్రియ ఉన్నది, కర్త లేడు.

బెండాలపాడుల ఇద్దరు చేస్తే గుంపంతా దోషి. వాకపల్లిల ఇరవై ఒక్కమందిల ఒక్కడు కూడా దొరకడు. మన మీదికొచ్చినప్పుడు "మీరంతా", వాళ్ల మీదికి పోయినప్పుడు "ఎవరో".

పరీక్షలకు చదివే అన్నలు, అక్కలు చట్టం బాగనే చదువుతరు కాబట్టి ఇది మీ కోసం. పాత ఐపీసీ 76వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితల 14. దాంట్ల ఉదాహరణే ఇది: పై అధికారి ఆజ్ఞ మీద, చట్టం చెప్పిన ప్రకారం, ఒక సైనికుడు గుంపు మీద కాలిస్తే అది నేరం కాదు. కోచింగ్ మెటీరియల్‌ల సగమే గుర్తుంచుకుంటరు, "ఆర్డర్ ఉంటే నేరం కాదు" అని. "చట్టం చెప్పిన ప్రకారం" అన్న ముక్క ఎగిరిపోతది. అసలు బరువంతా ఆ ముక్క మీదనే ఉన్నది. ఆర్డర్ ఒక్కటే సరిపోతే ఆ ముక్క రాయాల్సిన పనేంది? గుంపును చెదరగొట్టడానికి సైన్యాన్ని పిలిస్తే, వీలైనంత తక్కువ బలం వాడాలె, వీలైనంత తక్కువ దెబ్బ తగలాలె అని కూడా చట్టంలనే ఉన్నది. 2014ల సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ చావుల మీద 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్ఐఆర్ రాయాలె, అదే స్టేషనోళ్లు కాకుండ వేరేవాళ్లు దర్యాప్తు చెయ్యాలె, మెజిస్టీరియల్ విచారణ జరగాలె. ఇంకొకటి కూడా అన్నది. ఘటన జరిగిన వెంటనే మెడళ్లు, ప్రమోషన్లు ఇయ్యొద్దు, శౌర్యం అనుమానం లేకుండా తేలినంకనే ఇయ్యాలె అని. కోర్టు అట్ల చెప్పాల్సి వచ్చిందంటే అంతకుముందు ఏం నడిచిందో మీరే అనుకోండి.

భయం సంగతి. ఇక్కడ నేను ఆ అన్న మాటను తేలిగ్గ కొట్టెయ్య. చీకట్ల, తెలియని అడవిల, మందుపాతర మీద కాలు పడుతదేమో అని నడిచే ఇరవై రెండేండ్ల పిల్లగానికి భయం ఉండదా? 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల దగ్గర 76 మంది జవాన్లు ఒక్క పొద్దుల చనిపోయిన్రు. వాళ్లు కూడా ఎక్కువమంది బీదోళ్ల పిల్లలే. ఆ భయం నిజం.

మరి ఆ భయం ఎవరి మీద పడ్డది? 2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సర్కేగూడ. మన చెర్ల అవతలికి, అక్కడి కోయోళ్లు మనకు చుట్టాల లెక్క. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూసున్నరు. విత్తనాలు చల్లే ముందు ఊరంతా కూసొని మాట్లాడుకోవడం మనకు కొత్తనా? సీఆర్‌పీఎఫ్, పోలీసులు కాలిస్తే 17 మంది చనిపోయిన్రు, దాంట్ల పిల్లలున్నరు. పెద్ద ఎన్‌కౌంటర్, మావోయిస్టులు చచ్చిన్రు అని చెప్పిన్రు. విచారణ కమిషన్ రిపోర్టు 2019ల బయటికి వచ్చింది. జస్టిస్ వి.కె. అగర్వాల్ రాసిండు. ఊరోళ్లు కాల్చినట్టు రుజువు లేదు, చనిపోయినోళ్లు మావోయిస్టులని రుజువు లేదు, జవాన్లకు తగిలినవి తమవాళ్ల తూటాలే కావచ్చు, బలగాలు భయంతో కంగారుపడి కాల్చి ఉండొచ్చు అని. ఒకర్ని మాత్రం రాత్రి కాదు, కాల్పులు అయిపోయిన ఎన్నో గంటలకు, తెల్లారినంక చంపిన్రని కూడా ఆ రిపోర్టులనే ఉన్నది.

రాత్రి భయపడ్డరు, సరే. తెల్లారినంక ఏం భయం?

భయంతో కాల్చినోడు "భయపడి కాల్చిన" అని మరునాడు చెప్పి ఉంటే ఏడేండ్లు పట్టేదా? చెప్పలేదు. భయం రాత్రికి రాత్రే శౌర్యం అయిపోయింది. నాకు కోపం వచ్చేది అక్కడ. మనిషి భయపడుతడు, తప్పు చేస్తడు. కానీ తను చంపినోళ్లను చచ్చినంక కూడా దొంగలను, మావోయిస్టులను చేస్తే అది రెండోసారి చంపుడు. ఆ ఏడేండ్లు ఆ తల్లులు "మా పిల్లగాడు మావోయిస్టు కాదు" అని నిరూపించుకుంట తిరిగిన్రు. సచ్చినోనికి కూడా సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. (మనకు కుల సర్టిఫికెట్ కోసమే చెప్పులు అరుగుతయి, ఇది ఎంత కష్టమో ఊహించండి.)

ఇగ చివరి మాట, "ఇప్పుడు మనోళ్లే ఉన్నరు, ఇగ అట్ల జరగదు." నిర్మల్‌ల చదివే మనకు ఈ మాట అస్సలు రావొద్దు. 1860ల రాంజీ గోండును, ఆయనతోటి వెయ్యి మందిని ఈ ఊరి మర్రిచెట్టుకు ఉరితీసిన్రని మన పెద్దలు చెప్తరు. వెయ్యి ఉరుల మర్రి అని పేరు. వెయ్యి మందిని ఒక్క తెల్లదొర ఉరితీస్తడా? తాళ్లు పేనినోళ్లు, మెడకు వేసినోళ్లు, కాపలా ఉన్నోళ్లు ఎవరు? జీతానికి వచ్చిన ఈ దేశపు మనుషులే గదా. జలియన్‌వాలాబాగ్‌ల డయ్యర్ నోటితో ఆర్డర్ ఇచ్చిండు, తుపాకులు పట్టింది గూర్ఖాలు, బలూచీలు, సిక్కులు.

అంత పాతది వద్దంటే సల్వాజుడుం చూడండి. ఛత్తీస్‌గఢ్ సర్కారు ఐదో తరగతి చదివిన ఆదివాసీ పిల్లగాండ్లకు నెలకు 3,000 ఇచ్చి, ఎస్పీఓ అని పేరు పెట్టి, తుపాకి చేతికిచ్చి వాళ్ల సొంత గూడేల మీదికి తోలింది. 2011 జూలై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగానికి వ్యతిరేకమని కొట్టేసింది. ఆ ఏడాదే మార్చిల తాడిమెట్ల, మోర్పల్లి, తిమ్మాపురం గూడేలల్ల ఇండ్లు తగలబెట్టిన్రు. ఆ కేసుల సీబీఐ ఛార్జిషీటు వేసినోళ్లల్ల ఎస్పీఓలు ఉన్నరు. మన భాష మాట్లాడేటోళ్లే, మన దేవుళ్లను మొక్కేటోళ్లే. మనోడు అందుల ఉంటే ఇల్లు కాలదు అన్న నమ్మకం ఎక్కడ నిలబడ్డది? దారి తెలిసినోడు కాబట్టి ఇంకా తొందరగ కాలింది.

యూనిఫాం వేసుకోవద్దని నేను అనడం లేదు. చాలామంది అట్ల అర్థం చేసుకొని తిడుతరు, ముందే చెప్తున్న. మా ఇంట్ల డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కన్నే, జీతం అంటే ఏందో నాకు తెలుసు. మా హాస్టల్ల సగం మంది పొద్దున ఐదింటికి లేచి గ్రౌండ్‌కు ఉరుకుతరు. వాళ్లకు ఉద్యోగం రావాలె. నేను అడిగేది, యూనిఫాంతోపాటు వాళ్లిచ్చే కథను కూడా వేసుకోవద్దు అని.

అట్ల వేసుకోనోళ్లు ఉన్నరు. 1930 ఏప్రిల్ 23, పెషావర్. నిరాయుధులైన పఠాన్ల మీద కాల్చమని గఢ్వాల్ రైఫిల్స్‌కు ఆర్డర్. చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయన వెంట ఉన్న సిపాయిలు కాల్చమన్నరు. కొండల్ల పుట్టిన బీద పిల్లగాండ్లు, ఎదురుగా ఉన్నోళ్ల మతం వేరు, భాష వేరు. అయినా కాల్చలేదు. కోర్టు మార్షల్ చేసి చంద్రసింగ్‌కు యావజ్జీవం వేసిన్రు. అదే రోజు అదే ఊర్ల వేరే బలగాలు కాల్చినయి, జనం చచ్చిపోయిన్రు కూడా. అంటే గఢ్వాలీ అందర్నీ కాపాడలేదు. కానీ "ఆర్డర్ వస్తే ఎవడైనా అంతే చేస్తడు" అన్న మాటను మాత్రం ఆయన అబద్ధం చేసిండు.

ఇంకొకడు అమెరికావాడు, హ్యూ థాంప్సన్. 1968 మార్చి 16, వియత్నాంల మై లాయ్ అనే ఊరు. అమెరికా సైనికులు ఆడోళ్లను, పిల్లలను చంపుతున్నరు. 504 మంది అని వియత్నామోళ్ల లెక్క. సైన్యం మొదట చెప్పింది ఏందంటే 128 మంది శత్రువులను చంపినం అని. దొరికిన తుపాకులు మూడు. ఆ అంకెలు చదివితే సర్కేగూడ యాదికి రాదా? థాంప్సన్ హెలికాప్టర్ నడిపేటోడు. పైనుంచి చూసి, ఊరోళ్లకూ తన సైన్యానికీ మధ్యల దించిండు. మావోళ్లు ఈ జనాన్ని కాలిస్తే మీరు మావోళ్లనే కాల్చండి అని తన జట్టుకు చెప్పిండు. కొంతమందిని ఎక్కించుకొని పోయి, జరిగింది పై అధికారులకు చెప్పిండు. దానికి ఏండ్ల తరబడి తిట్లు తిన్నడు, చంపుతమని బెదిరింపులు వచ్చినయి. మెడల్ 30 ఏండ్లకు, 1998ల ఇచ్చిన్రు. ఊచకోతకు శిక్ష పడ్డది ఒక్క లెఫ్టినెంట్ కాలీకి, అది కూడా మూడున్నరేండ్లు, ఎక్కువ భాగం ఇంట్లనే నిర్బంధం.

కాబట్టి ఆ అన్నకు నా మాట ఇది. నువ్వు రేపు సెలెక్ట్ అయితవు, కావాలె. ఏ పోడు గొడవకో, ఏ ధర్నాకో బందోబస్తు పడుతది. అక్కడ నువ్వు థాంప్సన్ కావాలని నేను అడగ, అది అందరితో అయ్యేది కాదు. నీ ముందల ఒక అవ్వను లాఠీతోటి కొడితే, సాయంత్రం రిపోర్టుల "తోపులాటలో వృద్ధురాలు కింద పడింది" అని రాస్తే, దాని కింద నీ సంతకం అడిగితే, పెట్టకు. "నేను చూసిన, ఫలానా ఆయన కొట్టిండు" అని చెప్పు. మన రాయ్ సెంటర్ల తగాదా వస్తే పటేల్ ముందల ఇద్దర్నీ కూసోబెట్టి అడుగుతరు గదా, కొట్టినోడు "కొట్టిన" అని తన నోటితోటి చెప్పాలె. చదువు రాని మన తాతలు పెట్టుకున్న పద్ధతి అది. అంత పెద్ద డిపార్ట్‌మెంట్‌కు అది ఎందుకు కష్టమైతదో నాకు అర్థం కాదు.

ఇంద్రవెల్లి స్తూపాన్ని కూడా 1986ల కూల్చేసిన్రు, తర్వాత మళ్ల కట్టిన్రు. ఎన్నో ఏండ్లు ఏప్రిల్ 20 వచ్చిందంటే 144 సెక్షన్, చచ్చినోళ్ల ఇంటోళ్లకు పువ్వు పెట్టడానికి కూడా దారి లేదు. 2024 ఫిబ్రవరిల ముఖ్యమంత్రి వచ్చి స్మృతివనానికి పునాదిరాయి వేసిండు. మంచిదే. అక్కడ రాతి మీద ఏం చెక్కుతరో మనం ఇప్పుడే అడగాలె. "కాల్పుల్లో మరణించిన అమరులు" అని ఒక్క ముక్క చెక్కి రిబ్బన్ కత్తిరిస్తే నేనైతే ఒప్పుకోను. చచ్చినోళ్ల పేర్లు కావాలె, గూడెం పేర్లు కావాలె, కాల్చింది ఎవరో ఆ వాక్యంల ఉండాలె.

పేర్లు కావాలంటే ముందు మన దగ్గర ఉండాలె. ఆ రోజు పదిహేనేండ్లు ఉన్నోళ్లకు ఇప్పుడు అరవై దగ్గర పడ్డయి. ఉట్నూర్, ఇంద్రవెల్లి, నార్నూర్, సిరికొండ, జైనూర్ దిక్కు గూడేలోళ్లు ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు, ఆ సోమవారం సంతకు పోయినోళ్లు మీ ఊర్ల ఎవరున్నరో అడగండి. ఎవరు తిరిగి వచ్చిన్రు, ఎవరు రాలేదు, తూటా ఎక్కడ తగిలింది, ఎవరు మోసుకొచ్చిన్రు. గోండిల చెప్తే గోండిలనే ఫోన్‌ల రికార్డు చెయ్యండి, మధ్యల ఆపకండి, మనం అనుకున్నది వాళ్ల నోటితోటి చెప్పించకండి. వాళ్లు ఒప్పుకుంటేనే పంపండి. తెలుగుల రాసే పని నేను చేస్త.